తల్లుల మాట విన్న వైద్యుడు

వైద్యునకు చూపు సూక్ష్మముగా నుండవలెననియు, చేయి నిలుకడగా నుండవలెననియు లోకులు తలంతురు. చెవియు మెలకువగా నుండవలెనన్న సంగతి పెక్కుమందికి తోచదు. రోగి వైద్యునితో చెప్పుకొనునది కొంత. రోగి వెంట వచ్చినవారు తమలో తాము చెప్పుకొనునది కొంత. ఈ రెంటిని విన్నవానికే వ్యాధి మూలము చిక్కును. ఆస్ట్రేలియా దేశమున ఒక కంటివైద్యుడు తన గది వెలుపల కూర్చున్న తల్లులు మాటలాడుకొనుచుండగా చెవియొగ్గి వినెను. ఆ వినుట వలన వైద్యులు చిరకాలముగా నమ్మియున్న యొక నమ్మకము కూలిపోయెను. లెక్కకు మిక్కిలియైన శిశువులకు చూపును, వినికిడియు దక్కెను. ఆ వైద్యుని పేరు సర్ నార్మన్ మెకాలిస్టర్ గ్రెగ్.

గ్రెగ్ 1892వ సంవత్సరము మార్చి 7వ తేదీన సిడ్నీ నగరమునకు చెందిన బర్‌వుడ్ అను పేటలో జన్మించెను. ఆయన తండ్రి గుమాస్తాగా పనిచేయు సామాన్య గృహస్థు. బాలుడు సిడ్నీ గ్రామర్ పాఠశాలలో చదువుకొని, పిమ్మట సిడ్నీ విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా చేరెను. చదువునందెంత శ్రద్ధయో ఆటలయందును అంత ఆసక్తి. క్రికెట్టునందును, టెన్నిస్ ఆటయందును ఆయన తన రాష్ట్రమైన న్యూ సౌత్ వేల్సు పక్షమున ఆడెను. ఆటలవలన చదువు చెడునను వారికి ఆయన జీవితమే సమాధానము. 1915లో ఆయన ప్రథమశ్రేణిలో వైద్యపట్టమును పొందెను.

అప్పటికి యూరోపు ఖండమున మొదటి ప్రపంచయుద్ధము ఘోరముగా సాగుచుండెను. పట్టము చేతికి వచ్చిన వెంటనే గ్రెగ్ ఇంగ్లండుకు పయనమై, బ్రిటిషు సైన్యమునకు చెందిన వైద్యదళమున చేరెను. పశ్చిమ రణరంగమున గాయపడినవారికి చికిత్స చేయుట ఆయన పని. గుండ్లు కురియుచున్న చోటులకు పోయి, పడియున్న సైనికులను వెదకి తెచ్చి కాపాడుట యందు ఆయన చూపిన ధైర్యమునకు మిలిటరీ క్రాసు అను పతకము లభించెను. యుద్ధమున ఆయన నేర్చుకొన్న పాఠములలో ఓర్పు ఒకటి. ఎంతటి గందరగోళమునందును కలతపడక, ఎదుట నున్నదానిని ఉన్నట్లుగా చూచు నేర్పు ఆయనకు అక్కడనే అలవడినదని చెప్పవచ్చును.

యుద్ధము ముగిసిన తరువాత గ్రెగ్ సిడ్నీకి తిరిగివచ్చి కొంతకాలము ఆసుపత్రిలో పనిచేసెను. కంటివైద్యమున ప్రత్యేకముగా శిక్షణ పొందవలెనను కోరికతో మరల ఇంగ్లండుకు వెళ్లి, అచ్చటి పేరుపొందిన కంటి ఆసుపత్రులలో విద్య నభ్యసించెను. 1923లో స్వదేశమునకు వచ్చి సిడ్నీలో వైద్యవృత్తిని ప్రారంభించెను. రాయల్ ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ ఆసుపత్రియందును, కొలదికాలమునకు రాయల్ అలెగ్జాండ్రా పిల్లల ఆసుపత్రియందును ఆయనకు కంటివైద్యునిగా నియామకము లభించెను. ఆ యేడే ఆయనకు వివాహమయ్యెను. ఇద్దఱు కుమార్తెలు కలిగిరి. తరువాత పదునెనిమిది సంవత్సరములు ఆయన జీవితము విశేష సంఘటన లేవియు లేక సాగిపోయెను. నమ్మకస్థుడైన మంచి వైద్యుడని నగరమున పేరు గాంచెను. అంతటితో కథ ముగిసియున్నచో ఆయన పేరు నేడు లోకమునకు తెలియకయే యుండెడిది.

1941వ సంవత్సరము ఆరంభమున గ్రెగ్ వద్దకు ఒక వింత వ్యాధితో శిశువులు రాసాగిరి. పుట్టి కొన్ని వారములు, కొన్ని నెలలు మాత్రమే అయిన పసికందుల కనుపాపల నడుమ ముత్యమువలె తెల్లనైన పొర కనబడుచుండెను. అది శుక్లము. మన కంటిలో వెలుగును లోపలికి పంపు కటకము ఒకటి కలదు. అది గాజువలె స్వచ్ఛముగా నున్నపుడే చూపు కుదురును. ఆ కటకము మసకబాఱుటయే శుక్లము. వృద్ధులకు శుక్లములు వచ్చుట సహజము. పసిబిడ్డలకు పుట్టుకతోనే వచ్చుట అరుదు. అట్టి బిడ్డ ఒకరో ఇద్దఱో కొన్ని సంవత్సరముల కొకమారు కనబడుట కద్దు. కాని ఇపుడు ఒకరి వెనుక నొకరుగా వచ్చుచుండిరి.

ఈ బిడ్డలకు కంటిలోపము ఒక్కటియే కాదు. పెక్కుమంది ఉండవలసినంత బరువు లేక చిక్కియుండిరి. పాలు త్రాగుటయే వారికి కష్టముగా నుండెను. గుండెపై చెవి యుంచి విన్నచో సహజముగా నుండని చప్పుడు వినబడుచుండెను. శస్త్రచికిత్సకు మత్తుమందు ఇచ్చుటకైనను వెఱవవలసిన స్థితి. కంటికి చికిత్స చేయవచ్చిన వైద్యుడు ఆ బిడ్డ బ్రదుకునో లేదో యని చింతింపవలసివచ్చెను.

ఇట్టి లోపములు వంశపారంపర్యముగా వచ్చునని ఆనాటి వైద్యుల దృఢవిశ్వాసము. తల్లి గర్భమునందున్న శిశువునకు మాయ అను కోటగోడ రక్షణగా నుండుననియు, తల్లికి వచ్చు చిన్న చిన్న జబ్బులు ఆ గోడను దాటి పోజాలవనియు వారు తలంచుచుండిరి. కావున లోపముతో బిడ్డ పుట్టినపుడు తండ్రి వంశమునో, తల్లి వంశమునో తప్పుపట్టుట ఆచారమయ్యెను. ఆ నింద తఱచుగా తల్లిపైననే పడుచుండెను. కాని గ్రెగ్ విచారింపగా ఈ కుటుంబములలో పూర్వమెవ్వరికిని పుట్టుశుక్లములు లేవు. ఒకరితో నొకరికి చుట్టరికము లేదు. వంశదోషమే యైనచో ఇందఱు కుటుంబములకు ఒక్కసారిగా ఎట్లు దాపరించును? ఈ ప్రశ్న ఆయనకు నిద్రపట్టనీయలేదు.

ఒకనాడు ఆయన గది వెలుపల ఇట్టి బిడ్డల తల్లులు తమ వంతు కొఱకు వేచియుండి, తమలో తాము కష్టసుఖములు చెప్పుకొనుచుండిరి. తాను గర్భముతో నున్న మొదటి దినములలో ఒంటిపై ఎఱ్ఱని దద్దురులు వచ్చి తగ్గినవని ఒకామె చెప్పెను. తనకును అట్లే వచ్చినవని వేఱొకామె పలికెను. ఆ మాటలు గ్రెగ్ చెవిని పడినవని ఆయన చరిత్రమును వ్రాసినవారు చెప్పుదురు. మఱియొకరైనచో అవి ఊసుపోక పలుకు మాటలని తలచి విడిచియుందురు. గ్రెగ్ విడువలేదు. ఆ తల్లులను లోపలికి పిలిచి, ఆ జబ్బు ఏదియో, ఎప్పుడు వచ్చెనో, ఎన్నవ నెలలో వచ్చెనో శ్రద్ధగా అడిగి వ్రాసికొనెను.

ఆ జబ్బు రుబెల్లా. దీనినే జర్మన్ మీజిల్సు అనియు అందురు. జర్మను వైద్యులు దీనిని మొదట వివరించుటచే ఆ పేరు వచ్చెను. రుబెల్లా యను పేరునకు మన దేశముతో సంబంధము కలదు. భారతదేశమున నొక బాలుర పాఠశాలలో ఈ జబ్బు వ్యాపింపగా, దానిని పరీక్షించిన హెన్రీ వీల్ అను సైనికవైద్యుడు 1866లో ఈ పేరు పెట్టెను. లాటిను భాషలో దానికి చిన్న ఎఱుపు అని యర్థము. ఇది తట్టువలె కనబడును గాని, తట్టుకంటె మిక్కిలి తేలికయైన జబ్బు. కొంచెము జ్వరము, మెడ వెనుక చిన్న గడ్డలు, మూడు దినములపాటు దద్దురులు, అంతటితో సరి. ఒక్కొక్కరికి దద్దురులైనను కనబడవు. ఇంత అల్పమైన జబ్బును గూర్చి వైద్యులుగాని, తల్లులుగాని భయపడవలసిన పని యుండెడిది కాదు.

1940వ సంవత్సరమున ఆస్ట్రేలియాలో ఈ జబ్బు విపరీతముగా వ్యాపించెను. అది రెండవ ప్రపంచయుద్ధకాలము. దేశము నలుమూలలనుండి వచ్చిన యువకులు సైనిక శిబిరములలో క్రిక్కిరిసి యుండిరి. చిన్నతనమున ఈ జబ్బు రానివారికి పెద్దతనమున అచ్చట సోకెను. వారు సెలవులకు ఇండ్లకు పోయినపుడు జబ్బును వెంటగొనిపోయిరి. గ్రెగ్ తనవద్దకు వచ్చిన బిడ్డల పుట్టిన తేదీలను ముందుంచుకొని, నెలలను వెనుకకు లెక్కించెను. ఆ తల్లుల గర్భారంభ దినములును, రుబెల్లా ఉద్ధృతముగా నున్న దినములును సరిగా కలిసెను. చీకటిగదిలో దీపము వెలిగించినట్లయ్యెను.

ఐనను ఆయన తొందరపడలేదు. తనవద్దకు వచ్చిన బిడ్డలు పదుమువ్వురు మాత్రమే. ఇంత కొలదిమందిని జూచి పెద్దమాట చెప్పరాదని తలచి, ఇతర కంటివైద్యులకు లేఖలు వ్రాసెను. పుట్టుశుక్లములతో బిడ్డలు వచ్చిరా, వారి తల్లులకు గర్భసమయమున ఏ జబ్బైన వచ్చెనా అని అడిగెను. సమాధానములు వచ్చెను. మొత్తము 78 మంది బిడ్డల వివరములు చేకూరెను. వారిలో 68 మంది తల్లులకు గర్భసమయమున రుబెల్లా వచ్చినదని తేలెను. పెక్కుమందికి అది మొదటి నెలలోనో, రెండవ నెలలోనో వచ్చెను. కొందఱు తల్లులకు ఆ సమయమున తాము గర్భవతులమను సంగతియే తెలియదు. బిడ్డలలో సగమునకు పైగా గుండెలోపము కలవారు.

1941 అక్టోబరు 15వ తేదీన మెల్బోరన్ నగరమున జరిగిన కంటివైద్యుల సభలో గ్రెగ్ తన వ్యాసమును చదివెను. గర్భవతికి రుబెల్లా సోకినచో శిశువునకు శుక్లములు కలుగునని ఆ వ్యాసము సారాంశము. అందు ఆయన మఱియొక హెచ్చరికను కూడ చేర్చెను. ఈ బిడ్డలయందు ఇపుడు కనబడని లోపములు మఱికొన్ని యుండవచ్చుననియు, పెరుగుచున్నకొలది అవి బయటపడవచ్చుననియు ఆయన తలంచెను. తనకు తెలిసినదెంతయో, తెలియనిదెంతయో యెఱిగి వ్రాయుట శాస్త్రజ్ఞుని లక్షణము. ఆ హెచ్చరిక కొలదికాలములోనే నిజమయ్యెను.

ఆయన వ్యాసమును గూర్చిన వార్త పత్రికలలో వెలువడెను. దానిని చదివిన తల్లులు కొందఱు తమంతట తామే గ్రెగ్‌ను ఆశ్రయించిరి. వారి బిడ్డలకు కన్నులు చక్కగా నుండెను. కాని ఆ బిడ్డలకు చెవులు వినబడవు. ఆ తల్లులకును గర్భసమయమున రుబెల్లా వచ్చియుండెను. తెల్లని పొర కంటిలో నున్నచో తల్లి మొదటి నెలలోనే గుర్తించును. చెవుడు అట్లు కనబడు లోపము కాదు. చెవుడు గల పసిబిడ్డయు నవ్వును, ఏడ్చును, తల్లి ముఖమును జూచి కేరింతలు కొట్టును. రెండేండ్లు నిండినను మాటలు రానపుడు ఇంటివారు కంగారుపడుదురు. వినబడని మాటను బిడ్డ ఎట్లు నేర్చుకొనును? అప్పటికి మాటలు నేర్చుటకు మిక్కిలి యనువైన కాలము గడచిపోవును. వినికిడి లేనివానిని మూగవాడనియు, మందబుద్ధి యనియు లోకము పిలుచును. గ్రెగ్ కంటివైద్యుడే యైనను ఈ తల్లుల మాటను కూడ ఆలకించి, వైద్యలోకమునకు తెలియజేసెను. అడిలేడు నగరమున చార్లెస్ స్వాన్ అను వైద్యుడు తన మిత్రులతో కలిసి విచారణ జరిపి, 1943లో చెవుడునకును రుబెల్లాకును గల సంబంధమును ప్రకటించెను. 1945లో గ్రెగ్ తోడివైద్యులతో కలిసి తన రాష్ట్రమునందలి బిడ్డలను గూర్చిన విచారణను వెలువరించెను.

తల్లికి వచ్చిన అల్పమైన జబ్బు శిశువున కింత కీడు చేయుట ఎట్లు? రుబెల్లా వైరసు తల్లి రక్తము ద్వారా మాయను చేరి, దానిని దాటి శిశువు శరీరమున ప్రవేశించును. గర్భమున మొదటి మూడు నెలలలో శిశువు అవయవములు రూపొందుచుండును. కంటి కటకము, గుండె గదులు, లోపలి చెవియందలి నత్తగుల్లవంటి భాగము ఆ దినములలోనే ఏర్పడును. కణములు త్వరత్వరగా పెరుగుచున్న ఆ సమయమున వైరసు వానిని చెఱచును, వాని పెరుగుదలను కుంటుపఱచును. కుమ్మరి సారెపైనున్న పచ్చికుండను వ్రేలు తాకినను వంకరపోవును. కాలిన తరువాత తాకినను చెడదు. ఏ వారమున జబ్బు సోకినదో దానినిబట్టి ఏ అవయవము చెడునో తేలును. మొదటి నెలలలో సోకినచో కన్ను, గుండె, చెవి మూడును చెడవచ్చును. కొంచెము ఆలస్యముగా సోకినచో చెవి యొక్కటియే చెడవచ్చును.

నేడు ఇది వైద్యవిద్యార్థు లందఱికిని తెలిసిన విషయము. ఆనాడు మాత్రము పెక్కుమంది నమ్మలేదు. దూరదేశమున నొక కంటివైద్యుడు తల్లుల జ్ఞాపకములపై ఆధారపడి చెప్పిన మాటకు విలువ యేమని కొందఱు తలంచిరి. బిడ్డకు లోపము కలిగిన తరువాత తల్లి ఎప్పుడో వచ్చిన జ్వరమును గుర్తుతెచ్చుకొని దానికి ముడిపెట్టుట సహజమేకదా యని వాదించిరి. లండనునందు వెలువడు లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రిక 1944లో గ్రెగ్ తన వాదమును నిరూపించినట్లు చెప్పజాలమని యభిప్రాయపడెను. గ్రెగ్ కోపింపలేదు, వాదమునకు దిగలేదు. బిడ్డలను పరీక్షించుచు, వివరములను చేర్చుచు, తన పని తాను చేసికొనుచుండెను.

తుదకు ఆయన మాటను బలపఱచినది ఒక గణితశాస్త్రజ్ఞుడు. ఆలివర్ లాంకస్టర్ అను ఆస్ట్రేలియా పండితుడు ప్రభుత్వము తీయించిన జనాభాలెక్కలను తిరుగవేసెను. 1911వ సంవత్సరపు లెక్కలలో పదినుండి పదునాలుగేండ్ల వయస్సు గల చెవిటివారి సంఖ్య మిగిలిన వయస్సులవారికంటె మిక్కిలి హెచ్చుగా కనబడెను. 1921వ సంవత్సరపు లెక్కలలో ఆ హెచ్చు ఇరువదినుండి ఇరువదినాలుగేండ్లవారియందు కనబడెను. అనగా వారే పెరిగి పెద్దవారైరన్నమాట. చెవిటి పిల్లల పాఠశాలల పట్టికలను చూడగా వారిలో పెక్కుమంది 1899 ప్రాంతమున పుట్టినవారని తెలిసెను. ఆ కాలముననే ఆస్ట్రేలియాలో రుబెల్లా వ్యాపించియుండెను. లాంకస్టర్ తన పరిశోధనను 1951లో ప్రకటించెను. లెక్కలు తీసినవారికి రుబెల్లాను గూర్చి ఏమియు తెలియదు. వారి లెక్కలకు తల్లుల జ్ఞాపకముతో పనిలేదు. అట్టి సాక్ష్యమును కాదనుట ఎవరితరమును కాలేదు. అర్ధశతాబ్దముగా ప్రభుత్వపు గ్రంథములలో దాగియున్న సత్యమును గుర్తించుటకు గ్రెగ్ చూపిన దారి కావలసివచ్చెను.

గ్రెగ్ పరిశోధన వలన తల్లులకు గొప్ప ఊఱట కలిగెను. బిడ్డ గ్రుడ్డిదై, చెవిటిదై పుట్టినపుడు ఏ పాపము చేసితినో యని కుమిలిపోవు తల్లి, అది పాపఫలము కాదనియు, వంశదోషము కాదనియు, కంటికి కనబడని యొక వైరసు చేసిన పని యనియు తెలిసికొనెను. దోషమెవరిదను ప్రశ్న పోయి, ఆ దోషమును రాకుండ చేయుట ఎట్లను ప్రశ్న వచ్చెను. వైద్యశాస్త్రమున ముందడుగు వేయించునది ఈ రెండవ ప్రశ్నయే. 1953లో గ్రెగ్‌కు సర్ అను బిరుదము లభించెను. పేరు వచ్చినను ఆయన తన రోగులను విడువలేదు.

1962లో అమెరికాయందు రెండు పరిశోధక బృందములు వేఱువేఱుగా రుబెల్లా వైరసును వేఱుపఱచెను. ఆ శుభవార్తను గ్రెగ్ వినెను. కాని టీకా సిద్ధము కాకముందే 1964, 1965 సంవత్సరములలో అమెరికాను రుబెల్లా ముంచెత్తెను. అచ్చట దాదాపు 20,000 మంది శిశువులు ఆ వ్యాధి కలిగించిన లోపములతో పుట్టిరి. 1966 జూలై 27వ తేదీన గ్రెగ్ సిడ్నీలో కన్నుమూసెను. మూడేండ్లకు, అనగా 1969లో, అమెరికాలో రుబెల్లా టీకాకు అనుమతి లభించెను. 1971 నుండి ఆస్ట్రేలియాలో పాఠశాలలకు పోవు బాలికలకు ఆ టీకా వేయుట ప్రారంభించిరి. ఆ దేశమున రుబెల్లా నిర్మూలనమైనట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో ప్రకటించెను. గ్రెగ్ నాటిన విత్తు ఆయన పోయిన తరువాత ఫలించెను.

రుబెల్లా తగ్గిన దేశములలో వేఱొక వైరసు బయటపడెను. దాని పేరు సైటోమెగలో వైరసు. 1950 దశకమున దీనిని వేఱుపఱచిన ముగ్గురిలో టామస్ వెల్లర్ ఒకడు. రుబెల్లా వైరసును వేఱుపఱచినవారిలోను ఆయన యుండుట విశేషము. ఈ వైరసును తల్లినుండి గర్భస్థశిశువునకు చేరి వినికిడిని చెఱచును. ఇది సోకిన శిశువులలో నూటికి దాదాపు తొంబదిమంది పుట్టినపుడు ఆరోగ్యముగనే కనబడుదురు. వారిలో కొందఱికి పుట్టుకతోనే చెవుడుండును. కొందఱికి నెలలు, సంవత్సరములు గడచిన పిమ్మట వినికిడి సన్నగిల్లును. శిశువు పుట్టిన ఇరువదియొక్క దినములలోపల లాలాజలమునుగాని, మూత్రమునుగాని పరీక్షించినచో వైరసు గర్భముననే సోకినదని నిశ్చయింపవచ్చును. ఆ గడువు దాటినచో పుట్టిన తరువాత సోకినదో, పుట్టుకకు ముందు సోకినదో తేల్చుట కష్టము. పుట్టిన బిడ్డ మడమనుండి తీసి కాగితముపై ఆరబెట్టిన రక్తపు బొట్టును పరీక్షించియు దీనిని కనుగొనవచ్చును. 2019లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున ప్రతి నవజాత శిశువునకు ఈ పరీక్ష చేయుట ఆరంభమయ్యెను. 2023లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రము ఆ దారి పట్టెను. వైరసు సోకినదని తెలిసినచో బిడ్డ వినికిడిని మరల మరల పరీక్షించుచు, అవసరమైనవారికి మందు నిచ్చి, వినికిడి యంత్రము నమర్చి, మాటలు నేర్పవచ్చును.

మన దేశమునందును ఈ కృషి సాగుచున్నది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పుట్టుకతో వచ్చు లోపములను కనుగొనుటకు శిశువులను పరీక్షింతురు. ఆ లోపముల పట్టికలో పుట్టుశుక్లములు, పుట్టుచెవుడు, గుండెలోపము మూడును కలవు. గ్రెగ్ గుర్తించిన బిడ్డలకు కలిగిన లోపము లివియే. శిశువు నిద్రించుచుండగా చెవిలో చిన్న గొట్టము నుంచి మెల్లని ధ్వనులను పంపుదురు. లోపలి చెవి చక్కగా నున్నచో అది తిరిగి సూక్ష్మమైన ధ్వనిని వెలువరించును. యంత్రము దానిని పట్టుకొనును. బిడ్డకు నొప్పి లేదు, సూది లేదు. 2017లో తట్టు, రుబెల్లా టీకాల మహోద్యమము మన దేశమున మొదలయ్యెను. ఆ యేడే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో తొమ్మిది నెలల శిశువులు మొదలు పదునైదేండ్లలోపు పిల్లలకు పాఠశాలలలోను, అంగన్‌వాడీలలోను ఆ టీకా వేసిరి. తమ్మునికో, చెల్లెలికో టీకా వేయించుట యన ఆ బిడ్డ నొక్కదానినే కాపాడుట కాదు. ఇరుగుపొరుగున గర్భవతియై యున్న తల్లిని, ఇంకను లోకమును చూడని ఆమె బిడ్డను కూడ కాపాడుట.

గ్రెగ్ చేతిలో గొప్ప యంత్రము లేవియు లేవు. వైరసును ఆయన కంటితో చూడలేదు. ఆయనవద్ద నుండినవి కొన్ని కాగితములు, కొన్ని తేదీలు, తల్లుల మాటలు మాత్రమే. ఆ మాటలను తేలికచేయక వినెను. విన్నదానిని వెంటనే నమ్మక లెక్కించెను. లెక్క తేలిన తరువాత ఎవరు కాదన్నను వెనుదీయలేదు. చదువురాని తల్లి మాటలోనైనను శాస్త్రము దాగియుండవచ్చునని ఆయన జీవితము బోధించుచున్నది. ఇంటియందు పసిబిడ్డ చప్పుడునకు ఉలికిపడుటలేదని తల్లిగాని, అమ్మమ్మగాని అన్నపుడు, ఆ మాటను తోసివేయక ఆ బిడ్డను వైద్యునకు చూపుటయే ఆ మహనీయునకు మనము చేయదగిన నివాళి.